రెండో బటన్

ఆవిడకి ఈ లోకంలో నచ్చిన వాసన ఒక్కటీ లేదు. సెంటు కొట్టుకున్నవాళ్ళు పక్కన కూర్చుంటే డోకు వస్తుంది. బస్సులో ముందు సీటువాడి తలనూనె, కొత్తగా రంగు వేసిన గోడ, ఆస్పత్రి వరండా, ఎవరో సగం తాగి వదిలేసిన కాఫీ కప్పు, అన్నిటికీ మొహం చిట్లిస్తుంది. అలాంటి మనిషి పద్నాలుగేళ్ళుగా ఊరి కుళ్ళంతా వచ్చి చేరే చోట ఉద్యోగం చేస్తోందంటే వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. కుళ్ళు దాని పని అది చేసుకుపోతుంది, దాని మీద ఆవిడకి కోపం లేదు. ఆవిడ రోతంతా మనుషుల మీదే.

అందరూ ఆవిడని ముక్కత్త అంటారు. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. పని చేసేది ఊరి చివర గ్యాసు ప్లాంటులో. కూరగాయల మార్కెట్టు చెత్త, హోటళ్ళ ఎంగిలి, పాడిషెడ్ల పేడ లారీల్లో వచ్చి ఒక గోతిలో పడతాయి. గ్రైండరు వాటిని నలిపి జావ చేస్తుంది. ఆ జావ పైపులోంచి మూడంతస్తుల ఎత్తున్న మూసిన ట్యాంకులోకి పోతుంది. లోపల కంటికి కనబడని జీవాలు కోట్లకొద్దీ కూర్చుని దాన్ని తిని గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసుతో ఇంజను తిరుగుతుంది, ఇంజనుతో కరెంటు, ఆ కరెంటుతో పక్కనున్న పంపుహౌసు. ఊళ్ళో సగం వీధులకి నీళ్ళు ఎక్కేది దాని పుణ్యమే. ముక్కత్త వీధికి కూడా. ట్యాంకుని ప్లాంటులో అందరూ పెద్దకడుపు అంటారు.

ఆ కడుపుకి తిండి ఎక్కువైతే అజీర్తి చేస్తుంది. లోపలంతా పులిసిపోయి, తినే జీవాలు చచ్చి ఊరుకుంటాయి. ఒకసారి చచ్చిందా, ట్యాంకంతా ఖాళీ చేసి, కడిగి, మళ్ళీ పేడతో మొదలుపెట్టి బతికించడానికి నాలుగు నెలలు పడుతుంది. అంతకాలం పంపుహౌసు మూతే.

ముక్కత్త అక్కడికి ఊడ్చే పనికి వచ్చింది. వచ్చిన నెలలోనే ట్యాంకులోంచి నమూనా పట్టే కుళాయి కింద కారిన జావని కడుగుతూ, "ఇది పులిసిందండీ, నిన్న ఇలా లేదు" అంది. అప్పటి ఇంజనీరు చీపురు పట్టుకున్న మనిషి మాట వినడానికి పుట్టలేదు. రెండు రోజులకి పెద్దకడుపు మూత పక్కనుంచి నురగ తన్నుకొచ్చి యార్డంతా మోకాలి లోతున పరుచుకుంది. ఇంజనీరు కారు, ఇంజనీరు బూట్లు, ఇంజనీరు డబ్బాలో తెచ్చుకున్న భోజనం, అన్నీ అందులోనే. మర్నాటి నుంచి ఆవిడ చేతిలో చీపురు తీసేసి మగ్గు పెట్టారు.

అప్పటి నుంచి అదే పని. గంటకోసారి కుళాయి తిప్పి సగం మగ్గు జావ పట్టడం, వాసన చూడడం, ఎంత మేత వెయ్యాలో చెప్పడం. పేడ వాసన వస్తే బాగున్నట్టు. పులుపు తగిలితే తగ్గించాలి. పులుపు ముక్కులోంచి కళ్ళకెక్కితే ఆపెయ్యాలి. "ఆపండి" అంటే లారీలు గేటు దగ్గరే నిలబడేవి, మేనేజరు వచ్చినా సరే. ఆ ఒక్క మాటతో అంతమంది మగాళ్ళు ఆగిపోవడం ఆవిడకి బాగుండేదన్న సంగతి మనం దాచుకోనక్కర్లేదు. కోపం ఎలాగూ ముక్కు మీదే ఉండేది. దానికి తోడు అధికారం కూడా అక్కడే వచ్చి కూర్చుంది.

ఆ అధికారంతో ఆవిడ చేసిన పని ఒకటుంది. గ్రైండరు నడిపే పెద్దాయనకి వినికిడి తగ్గింది. ఎవరికీ చెప్పకుండా, బెల్టు మీద చెయ్యి పెట్టి అదురు చూసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ముక్కత్త అది కనిపెట్టి అందరి ముందూ అడిగేసింది. "వినబడని మనిషికి మిషను దగ్గరేం పని? సిగ్గుండొద్దూ, పోయిందని చెప్పడానికేం రోగం?" అంది. ఆయన్ని గేటు దగ్గర కుర్చీలో వేశారు. ఆవిడ అన్నది న్యాయమే. అన్న తీరే రోతగా ఉంది.

ఇంట్లోనూ అంతే. మొగుడు దర్జీ, నెమ్మదైనవాడు. ఆయన దగ్గరకి సైజు మార్చడానికి, కుట్లు వెయ్యడానికి ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ వస్తాయి. ఉతకని బట్ట గడప దాటడానికి వీల్లేదు. బయట తీగ మీద ఒక పూట ఆరాలి, ఆవిడ వాసన చూసి సరేననాలి, అప్పుడే మిషను దగ్గరకి. "కస్టమ్స్ ఆఫీసు ఇంట్లోనే ఉంది మాకు" అని ఆయన కొట్టుకి వచ్చినవాళ్ళతో అనేవాడు, ఆవిడ లోపల ఉన్నప్పుడు మాత్రం మెల్లిగా.

ప్లాంటుకి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. చేతులకి గంటకోసారి క్రీము రాసుకునే మనిషి. చూడ్డానికి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారంటే యార్డంతా గులాబీ స్ప్రే కొట్టించేవాడు. కుళ్ళు మీద గులాబీ పడితే ఏమవుతుందో మీకు తెలియకపోతే అదృష్టవంతులు. ముక్కత్తకి ఆ రోజుల్లో అన్నం సహించేది కాదు.

ఆయన హయాంలోనే యంత్రం వచ్చింది. పెద్దకడుపుకి మూడు చోట్ల చిల్లులు వేసి కడ్డీలు దింపారు. ఒకటి వేడి చూస్తుంది, ఒకటి గ్యాసు చూస్తుంది, ఒకటి పులుపు చూస్తుంది. ఆ పులుపు చూసేది వేలెడంత గాజు బుడ్డి ఉన్న కడ్డీ, వారానికోసారి తీసి కడగాలి, లేకపోతే జిగురు పట్టి పిచ్చి లెక్కలు చెబుతుంది. అన్నీ గాలిలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుని కంట్రోల్ రూములో తెర మీద గీతలు గీస్తాయి. ఆ గీతలన్నీ చూసి ఎంత మేత వెయ్యాలో కృత్రిమ మేధ అనేది సొంతంగా తేలుస్తుందట. దాన్ని పెట్టడానికి కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎప్పుడూ తెర ముందే ఉంటుంది కాబట్టి ముక్కత్త దానికి తెరపిల్ల అని పేరు పెట్టింది.

ముక్కత్తకి ఒళ్ళు మండింది. కడ్డీలకి ముక్కుందా, నోరుందా? కానీ తెరపిల్ల వచ్చి చెప్పిన మాట ఆవిడ ఊహించనిది.

"అత్తా, ఇది ఇప్పుడే పుట్టిన పిల్లలాంటిది. దానికేం తెలీదు. నువ్వే నేర్పాలి."

చేతికో డబ్బా ఇచ్చింది. దాని మీద ఐదు బటన్లు. వాసన చాలా బాగుంటే ఒకటి, బాగుంటే రెండు, అలా పోయి పూర్తిగా పులిస్తే ఐదు. అరగంటకోసారి వాసన చూసి ఒకటి నొక్కాలి. మూడు నెలలు. కడ్డీలు చెప్పింది ఒక పక్క, ఆవిడ నొక్కింది ఒక పక్క పెట్టుకుని యంత్రం నేర్చుకుంటుంది.

సూపర్‌వైజరు ఆవిడకి ఉతికిన తెల్లకోటు వేయించి, ఖాళీ మగ్గు చేతికిచ్చి ఫొటో తీయించాడు. 'అనుభవం నేర్పిన మేధ' అని కింద అచ్చు వేసి కరపత్రాలు పంచాడు. ఆ ఖాళీ మగ్గులోకి చూసి నవ్వమన్నప్పుడు ఆవిడకి కలిగిన అసహ్యం ఫొటోలో కనబడుతూనే ఉంది. జనం దాన్ని ఏకాగ్రత అనుకున్నారు.

డబ్బా పని మొదలవడానికి పది రోజుల ముందు ముక్కత్తకి జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు మంచం మీదే ఉంది. తొమ్మిదో రోజు లేచి ప్లాంటుకి వెళ్ళింది. గేటు దాటింది, గొయ్యి దాటింది, గ్రైండరు దాటింది. ఏమీ లేదు. పద్నాలుగేళ్ళుగా గేటుకి వంద గజాల దూరంలోనే ఎదురొచ్చే ఆ కంపు లేదు. కుళాయి తిప్పి మగ్గు పట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. మగ్గులో మంచినీళ్ళున్నా అంతే.

డాక్టరు చూసి, జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుందమ్మా, నెలల్లో రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. ఆవిడ ప్లాంటుకి తిరిగొచ్చేసరికి తెరపిల్ల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. గేటు దగ్గర కుర్చీలో గ్రైండరు పెద్దాయన ఎండలో కునుకుతున్నాడు.

"మొదలెడదామా అత్తా?"

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచి ఒక్క ముక్క అంటే అయిపోయేది. ముక్కత్త మగ్గు ఎత్తింది, కళ్ళు మూసుకుంది, గాలి పీల్చింది, రెండో బటన్ నొక్కింది.

ఎప్పుడూ ఒకటో బటనే నొక్కితే అనుమానం వస్తుంది. మూడు నొక్కితే మేత తగ్గించి ఎందుకని అడుగుతారు. రెండు ఎవరి జోలికీ పోని నంబరు. మూడు నెలలు అరగంటకోసారి మగ్గు ఎత్తడం, కళ్ళు మూయడం, రెండు నొక్కడం. మధ్యమధ్య రుచి కోసం ఒకటి. అబద్ధం ఆడే మనుషులంటే ఆవిడకి ఎప్పటి నుంచో డోకు. ఇప్పుడు తన వేలిని చూసుకుంటే అదే వస్తోంది. దాన్ని మింగడానికి ఆవిడ ఎంచుకున్న దారి కడ్డీలని తిట్టడం. "ఆ గాజు బుడ్డి ఒట్టి దొంగది, దానికేం తెలుసు" అని రోజూ తెరపిల్ల వినేలా అనేది.

ఇంట్లో మొగుడికి పది రోజుల్లోనే తెలిసిపోయింది. చేపల మార్కెట్టులో పనిచేసేవాడి కోటు పొరపాటున తిన్నగా లోపలికి తెచ్చి మిషను మీద పెట్టాడు. ముక్కత్త దాని పక్కనే కూర్చుని కాఫీ తాగింది. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు, కోటు తీసుకెళ్ళి బయట తీగ మీద వేశాడు, తిరిగొచ్చి సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

"ఎన్నాళ్ళయిందే?" అన్నాడు కాసేపటికి.

"ఏది?"

"సరేలే."

"ఏంటయ్యా సరే? ఏదన్నా ఉంటే చెప్పు, నసగకు."

ఆ మర్నాటి నుంచి పాలు ఆయనే చూసి కాచేవాడు, పొయ్యి గ్యాసు ఆయనే కట్టేవాడు. ఆ మంచితనం కూడా ఆవిడకి వెగటుగానే ఉండేది.

మూడు నెలలూ గడిచాయి. యంత్రానికి మేత బాధ్యత అప్పగించారు. స్వీట్లు పంచారు, గులాబీ స్ప్రే కొట్టారు. ముక్కత్తని తెరపిల్ల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు, ఏదన్నా తేడా వస్తే చెప్పమని. రెండు నెలలు ఏ తేడా రాలేదు.

తర్వాత ఒక ఉదయం స్నానం చేస్తుంటే సబ్బు వాసన తగిలింది. పూర్తిగా కాదు, పక్కింట్లోంచి వచ్చినట్టు. ముక్కత్త ఆ సబ్బు ముక్కని పట్టుకుని ఏడ్చింది. నాలుగు రోజులకి మొగుడి చొక్కా తగిలింది, ఆయన్ని తిట్టింది. ఆయన పొంగిపోయాడు. ఆ వారం చివర, పొద్దున్న ఎనిమిదింటికి ప్లాంటు గేటు దాటుతుంటే సన్నగా, కత్తి మొనలాగా ఇంకోటి తగిలింది. పులుపు.

మగ్గు పట్టుకుని కుళాయి దగ్గరకి పరిగెత్తింది. అనుమానం లేదు, కళ్ళకెక్కుతోంది. ట్యాంకుకి పెట్టిన అద్దంలోంచి చూస్తే లోపల నురగ. ఇంజను మధ్యమధ్య దగ్గుతోంది. ఆవిడకి భయం వేయాల్సింది. కానీ ముందు వచ్చింది సంబరం, అది కూడా చెప్పుకోవాలి. కంట్రోల్ రూములోకి వెళ్ళి మగ్గు తీసుకెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీదే పెట్టింది. ఆయన క్రీము డబ్బా పట్టుకుని వెనక్కి జరిగాడు.

"పులిసిపోయింది సార్. మీ మిషను మెక్కబెట్టి మెక్కబెట్టి చంపుతోంది. ఆ గాజు బుడ్డి దొంగదని నేను ముందే చెప్పాను."

తెర మీద అంతా పచ్చగా ఉంది. బయట ఆరు లారీలు మేత దింపడానికి వరసలో ఉన్నాయి. తెరపిల్ల మగ్గు వైపు చూసింది, గబగబా ఏవో నొక్కింది. పచ్చ గీతల కింద దాగున్న బూడిదరంగు గీత ఒకటి పైకి తెచ్చింది. అది తొమ్మిది రోజుల నుంచి కిందికి కిందికి జారుతోంది.

"ఇది పులుపు కడ్డీది అత్తా. పులుపు పెరిగేకొద్దీ ఈ గీత కిందికి దిగుతుంది. తొమ్మిది రోజుల నుంచి ఇది మొత్తుకుంటూనే ఉంది. కడ్డీ తప్పు లేదు."

"మరి మీ మిషనుకి చెవుడా?"

"కడ్డీ పాడయిందనుకుని దాని మాట తీసి పక్కన పెట్టేసింది." తెరపిల్ల ఇంకా వెనక్కి వెళ్ళింది, నాలుగు నెలల వెనక్కి. "ఎందుకంటే ఇదిగో, నువ్వు నేర్పుతున్నప్పుడు రెండో నెలలో ఒకసారి ఇలాగే జారింది. ఐదు రోజులు. తర్వాత దానంతటదే సర్దుకుంది. ఆ ఐదు రోజులూ నువ్వు రెండే నొక్కావు. కడ్డీ పులిసిందంటోంది, అత్త బాగుందంటోంది. అందుకని అది అత్తనే నమ్మింది. కడ్డీ ఇలా జారితే పట్టించుకోకూడదని అప్పుడే నేర్చుకుంది."

ముక్కత్త బల్ల మీది మగ్గుని తన వైపు లాక్కుంది.

సూపర్‌వైజరు మొహం విప్పారింది. "ఇంకేం, తేలిపోయిందిగా. అప్పుడు కూడా కడ్డీదే తప్పు, ఇప్పుడూ కడ్డీదే. కొత్తది తెప్పిద్దాం. ఇంత పేరు తెచ్చుకున్నాక మేత ఆపామంటే ఎంత అప్రదిష్ట! లారీలు రానివ్వండి."

"ఒక్క నిమిషం సార్." తెరపిల్ల కుర్చీ ఇటు తిప్పింది. "అత్తా, నువ్వు చెప్పు. ఆ ఐదు రోజులు వాసన నిజంగానే బాగుందా? నువ్వు బాగుందంటే కడ్డీ అబద్ధం. అప్పుడు ఈ ఒక్క మగ్గు చూపించి మేత ఆపమని సార్‌కి చెప్పలేను. నువ్వు కాదంటే ఇప్పుడే మేత ఆపేస్తాను."

గదిలో ఉన్నది ముగ్గురే. బాగుందంటే ఆరు లారీలు గోతిలో పడతాయి, పెద్దకడుపు ఈ రాత్రికో రేపటికో చస్తుంది, గాజు బుడ్డి మీదకి నేరం పోతుంది, ముక్కత్త ముక్కత్తగానే ఉంటుంది. ఆవిడ ఆ లెక్క వేసింది. వెయ్యలేదని చెప్పను. వేసి, అది ఎంత సులువుగా ఉందో చూసి, తన మీద తనకే ఏవగింపు పుట్టింది. ఇన్నేళ్ళూ ఊరందరి మీదా మొహం చిట్లించిన మనిషికి అంతటి కంపు ఇంతవరకు ఎక్కడా తగల్లేదు.

"నాకు వాసన లేదు" అంది.

"ఏంటి అత్తా?"

"అప్పుడు నాకు వాసన లేదు. ఆ ఐదు రోజులే కాదు, మూడు నెలలూ లేదు. జ్వరంలో పోయింది. ఊరికే నొక్కాను. అన్నీ ఊరికే నొక్కాను. ఆపు, ఆపెయ్యి, చూస్తావేంటి?"

తెరపిల్ల మేత ఆపింది. గ్రైండరు రొద తగ్గుతూ తగ్గుతూ పోయింది. సూపర్‌వైజరు లేచి తలుపు మూశాడు.

"ఏమ్మా, బుద్ధుందా? కరపత్రాలు దేశమంతా పంచాం. ఈ మాట ఈ గది దాటిందంటే నీ పరువేంటి, నా పరువేంటి? కడ్డీ పాడయిందని రాస్తాను. నువ్వు నోరు మూసుకుని కూర్చో, చాలు."

ఆయన నోటి నుంచి వక్కపొడి వాసన వస్తోంది. చేతుల నుంచి క్రీము వాసన. ముక్కత్త మొహం పక్కకి తిప్పుకుంది.

"కడ్డీ బాగానే ఉంది సార్. కడ్డీ మీద రాస్తే నేను బయటికెళ్ళి లారీవాళ్ళకి చెబుతాను" అంది.

మొదటి వారం చాలా చెడ్డగా గడిచింది. సంగతి గది దాటి ఊరంతా పాకింది. పులుపు విరగడానికి పెద్దకడుపులో బస్తాలకొద్దీ సోడా పొడి కలిపి పోశారు. మేత లేదు. ఇంజను ఆరిపోయింది, పంపుహౌసుకి నీళ్ళెక్కలేదు, వీధిలో ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు ముక్కత్తని చూసి మాటలు ఆపేసేవారు. ప్లాంటులో కుర్రకారు అత్తా అనడం మానేసి ఏమండీ అన్నారు. ఆ మర్యాద ఆవిడ ఒంటికి దురదగొండి ఆకులా అంటుకుంది. మొగుడు మాత్రం మూడు వీధుల అవతల నుంచి రెండు బిందెలు మోసుకొచ్చి గుమ్మంలో దింపి, "చెప్పేశావా?" అన్నాడు. ఆవిడ చెప్పేశానంది. ఆయన మంచిదన్నాడు.

తెరపిల్ల ఆ మూడు నెలల నొక్కుళ్ళూ యంత్రంలోంచి తీసి పారేసింది. అవి పోయాక యంత్రానికి ఏమీ తెలియదు, మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. గాజు బుడ్డి గీత మాత్రం ఒక్కో రోజు కొంచెం కొంచెంగా పైకి వస్తూ, పన్నెండో రోజుకి హద్దు మీద నిలబడింది. ఇప్పుడు మేత మొదలెడితే కడుపు తట్టుకోవచ్చు, తట్టుకోకపోనూ వచ్చు.

ఆ ఉదయం సూపర్‌వైజరు ముందే లారీలని పిలిపించాడు. పంపుహౌసు నుంచి ఇద్దరు వచ్చి నిలబడ్డారు. వీళ్ళందరికీ ఇప్పుడు మళ్ళీ ఆవిడ ముక్కే కావాలి. పన్నెండు రోజుల కిందట మొహం తిప్పుకున్నవాళ్ళే కుళాయి దగ్గర దారి ఇచ్చారు. ఆవిడకి అది చూసి నవ్వు కూడా రాలేదు.

ముక్కత్త మగ్గు పట్టింది. కళ్ళు మూసుకుంది. పేడ వాసన ఉంది. దాని వెనకాల ఇంకేదో ఉంది. పులుపేనేమో, పక్కనున్న ఇనుప పైపు తుప్పేమో, సగం వచ్చిన ముక్కు చేసే మాయేమో. మళ్ళీ చూసింది. మూడోసారి చూసింది. బాగుందంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, సాయంత్రానికి తన వీధిలో నీళ్ళు వస్తాయి. బాగుందని అనడానికి ఆవిడ నోరు దానంతటదే సిద్ధమైపోయింది కూడా.

"ఏమంటావమ్మా? మొదలెట్టమంటావా?" అన్నాడు సూపర్‌వైజరు.

ముక్కత్త మగ్గు కింద పెట్టింది. పద్నాలుగేళ్ళలో ఆ కుళాయి దగ్గర ఆవిడ ఎప్పుడూ అనని మాట ఒకటుంది. అది ఇప్పుడు అంది.

"నాకు తెలియడం లేదు సార్. ఇంకో రోజు ఆగి ఆ కడ్డీ ఏమంటుందో చూడండి."

సూపర్‌వైజరు ఛీ అన్నాడు. లారీలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.